పాఠకుల ప్రశ్నలు: తల్లుల ప్రాణరక్షణలో విద్యార్థి పరిశోధనకు చోటెక్కడ?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయానికి చెందినవి. వసతులు తక్కువగా ఉన్నచోట గర్భిణులకు, బాలింతలకు అందే వైద్యం మెరుగుపడడానికి విద్యార్థులు చేసే పరిశోధన ఎంతవరకు పనికివస్తుందన్నదే వాటి సారాంశం. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నేను ఎం.బి.బి.ఎస్. మూడవ సంవత్సరం చదువుతున్నాను. మేము నలుగురం కలిసి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో మాతృమరణాలను తగ్గించే మొబైల్ యాప్ తయారుచేసి, రెండు నెలల్లో దాని ఫలితాన్ని పరీక్షించాలని అనుకుంటున్నాం. మా గైడ్ అది కుదరదని మాత్రం చెప్పారు. ఎందుకు కుదరదు? మరి మేము చేయగలిగినదేమిటి?
– ఒక వైద్య విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మీ గైడ్ చెప్పినది నిజం. మాతృమరణాలను లక్ష సజీవ జననాలకు ఎన్ని అన్న లెక్కలో చెబుతారు. 2018–20 సంవత్సరాలకు, దేశంలో జనన మరణాలను నమూనా పద్ధతిలో లెక్కగట్టే నమూనా నమోదు వ్యవస్థ ఇచ్చిన అంకెల ప్రకారం ఆ సంఖ్య దేశం మొత్తం మీద 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఏజెన్సీలో పరిస్థితి రాష్ట్ర సగటుకు రెట్టింపు కష్టంగా ఉందనుకుని 90గా లెక్క వేసినా, ఏడాదికి 300 కాన్పులు జరిగే ఒక పీహెచ్‌సీ పరిధిలో ఒక్క మరణం నమోదు కావడానికి సగటున మూడున్నర ఏళ్ళకు పైగా పడుతుంది. మీరున్న రెండు నెలల్లో ఒక్క మరణమూ జరగకపోవడమే ఎక్కువగా సంభవం, అది మీ యాప్ ఉన్నా లేకపోయినా అంతే. అటువంటప్పుడు యాప్ పనిచేసిందని గానీ చేయలేదని గానీ మీరు చెప్పగలిగేదేమీ ఉండదు. ఒక్కొక్క తల్లి మరణం ఆ కుటుంబాన్ని ఎంతగా కుంగదీస్తుందో తెలిసినవారికి ఈ గణితం నిర్దయగా అనిపించవచ్చు గాని, పరిశోధనకు దిగేవారు ముందుగా చేయవలసిన లెక్క ఇదే.

మరణాలను లెక్కించలేనప్పుడు, మరణానికి దారితీసే మెట్లలో ఏదో ఒకదాన్ని ఎంచుకుని సరిగా కొలవాలి. దీనికి మన పొరుగు రాష్ట్రంలోనే మంచి ఉదాహరణ ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కాన్పు తరువాత 24 గంటలలోపు 500 మిల్లీలీటర్లు గానీ అంతకు మించి గానీ రక్తం పోతే దానిని ప్రసవానంతర రక్తస్రావం అంటారు. ప్రపంచంలో 2023లో సుమారు 2,60,000 మంది స్త్రీలు గర్భధారణ, ప్రసవ కారణాల వల్ల మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇటువంటి మరణాలకు కారణాలలో మొదటి స్థానం రక్తస్రావానిదే. అయితే ఎంత రక్తం పోయిందో తెలిసేదెలా? కాన్పు బల్ల కింద బకెట్, నర్సు చేతికి అందేటట్టు ఒక ట్రే, నెత్తురుతో తడిసి మూలన పడిన గుడ్డలు, దుప్పటిలోకి ఇంకిపోయినది కొంత, ఉమ్మనీటితో కలిసినది కొంత – వీటన్నిటినీ కంటితో చూసి స్టాఫ్ నర్సు రిజిస్టరులో ‘సుమారు 200 మి.లీ.’ అని రాస్తారు. అది ఆమె నిర్లక్ష్యం అనుకోకూడదు. అలా చూసి సరిగా చెప్పగలవారు స్పెషలిస్టు డాక్టర్లలోనూ అరుదు.

కర్ణాటకలోని బెళగావిలో జవాహర్‌లాల్ నెహ్రూ వైద్య కళాశాల వైద్యులు అమెరికా పరిశోధకులతో కలిసి ఈ అంచనా స్థానంలో కొలతను తెచ్చారు. వారు తయారుచేసినది బాలింత నడుము కింద పరిచే ఒక ప్లాస్టిక్ షీటు. దాని కొస గరాటులా కిందికి వేలాడుతుంది, అందులో చేరిన రక్తాన్ని దానిమీది గీతలను బట్టి చదవవచ్చు. ఆ షీటుతో పోల్చి చూస్తే కంటి అంచనా దాదాపు 33 శాతం తక్కువగా ఉందని తేలింది. అదే షీటు ఆధారంగా బెళగావి జిల్లా పల్లెల్లో 1,620 మంది స్త్రీలతో ఒక పెద్ద అధ్యయనం జరిగి 2006లో వెలువడింది. కాన్పులు చేసింది, మాత్రలు ఇచ్చింది, రక్తాన్ని కొలిచింది 25 మంది ఏఎన్ఎంలు. మందు లేని ఉత్తుత్తి మాత్రలు మింగినవారిలో 12 శాతం మందికి రక్తస్రావమైతే, గర్భసంచిని ముడుచుకునేలా చేసే మిసోప్రొస్టాల్ మాత్రలు మింగినవారిలో అది 6.4 శాతం మందికే అయింది. అదే పనికి వాడే ఆక్సిటోసిన్ ఇంజెక్షను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి, దానిని ఇవ్వడం తెలిసినవారూ ఉండాలి. మాత్రకు ఫ్రిజ్ అక్కరలేదు, సూది అక్కరలేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ అవసరానికి ఆ మాత్రను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

కథ అక్కడితో ముగియలేదు. రక్తాన్ని షీటుతో కొలవాలన్న ఆలోచన ఆఫ్రికాకు చేరింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలలో 80 ఆస్పత్రులలో రెండు లక్షలకు పైగా కాన్పులతో జరిగిన ‘ఈ–మోటివ్’ అధ్యయనం 2023లో వెలువడింది. అందులో కొత్త మందు ఒక్కటీ లేదు. గీతలున్న షీటుతో రక్తస్రావాన్ని తొందరగా పసిగట్టడం, వెంటనే గర్భసంచిని మర్దన చేయడం, గర్భసంచి ముడుచుకునే మందు, గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా చూసే ట్రానెక్సామిక్ ఆసిడ్, సెలైన్, రక్తం ఎక్కడి నుంచి వస్తున్నదో పరీక్షించడం – ఇవన్నీ ఒకదాని ఫలితం కోసం ఆగి మరొకటి మొదలుపెట్టకుండా ఒక్కసారిగా చేయడం మాత్రమే అందులో ఉన్నది. రక్తస్రావమైన తల్లులలో మామూలు పద్ధతిలో దానిని గుర్తించింది సగం మందిలోనైతే, ఈ పద్ధతిలో 93 శాతం మందిలో గుర్తించారు. తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట కోసి ఆపరేషను చేయవలసి రావడం, దానివల్ల మరణం – ఈ మూడింటినీ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. నా దృష్టిలో గత ఇరవై ఏళ్ళలో తల్లుల కోసం జరిగిన పరిశోధనలలో ఇంతకన్న ఆశ కలిగించినది లేదు. దాని మూలం కంటికి అందని దానిని కొలవాలన్న పట్టుదలే.

ఇక మీ సంగతి. యాప్ పక్కన పెట్టి, మీరు వెళ్ళదలచిన పీహెచ్‌సీలో గర్భిణుల రిజిస్టరు తెరిచి బి.పి. అంకెలు చూడండి. వరుసగా 110/70, 120/80, 110/70, 120/80 అని కనిపిస్తే అక్కడ మీకు ఒక పరిశోధన ఉన్నట్టే. పాదరసం మీటరుతో గానీ గడియారం వంటి డయల్ మీటరుతో గానీ చూసినప్పుడు గీతలు రెండేసి చొప్పున ఉంటాయి గనుక, అంకె చివర 0, 2, 4, 6, 8 దాదాపు సమానంగా, అంటే ఒక్కొక్కటి అయిదో వంతు రావాలి. 300 కొలతలలో 280 సున్నాతో ముగిశాయంటే, అక్కడ బి.పి.ని సర్దుబాటు చేసి రాస్తున్నారనో, అసలు చూడకుండానే రాస్తున్నారనో అనుమానించాలి. గర్భిణికి 140/90కి చేరితే జాగ్రత్త పడాలి, 160/110 దగ్గరకు వస్తే గుర్రపువాతం, అంటే ప్రాణం మీదికి తెచ్చే మూర్ఛలు, ముంచుకురావచ్చు. అటువంటి స్త్రీ రిజిస్టరులో 120/80గా ఉండిపోతే ఏ యాప్ ఆమెను కనిపెట్టగలదు? తప్పుడు అంకెలు తీసుకున్న యాప్ తప్పుడు భరోసాయే ఇస్తుంది.

రిజిస్టరు చూసిన తరువాత మీరే అదే గర్భిణులలో కొందరికి, వారి అనుమతితో, సరిచూసిన మీటరుతో బి.పి. చూసి రెండు కొలతలనూ పోల్చండి. తేడా కనిపిస్తే కారణం వెతకడం మీ పనిలో ముఖ్యమైన భాగం: పట్టీ చిరిగిందా, మీటరులో బ్యాటరీలు ఉన్నాయా, ప్రతి నెలా 9వ తేదీన జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ శిబిరం రోజున ఒక్క ఏఎన్ఎం ఎంతమందిని చూడవలసి వస్తున్నది? ఇవి రాయకుండా ‘సిబ్బంది సరిగా చూడడం లేదు’ అని నివేదిక ముగిస్తే దానివల్ల ఒక మనిషికి మెమో రావడమే తప్ప ఒక గర్భిణికైనా మేలు జరగదు. ఇంకొక సంగతి, మీరు చూసినప్పుడు ఎవరికైనా బి.పి. ప్రమాదకరంగా ఉంటే ఆ క్షణాన పరిశోధన ఆపి, ఆమెను మెడికల్ ఆఫీసరుకు అప్పగించాలి. అధ్యయనం పూర్తయ్యేదాకా అంకెను దాచుకోవడం అన్నది ఉండకూడదు.

యాప్‌ల మీద, చెక్‌లిస్టుల మీద నాకు ద్వేషం లేదు. కానీ ఉత్తరప్రదేశ్‌లో 120 ఆస్పత్రులలో, లక్షా యాభై వేలకు పైగా కాన్పులతో జరిగిన ‘బెటర్‌బర్త్’ అధ్యయనాన్ని చదవమని మీ నలుగురినీ కోరుతున్నాను. సురక్షిత ప్రసవ చెక్‌లిస్టు ఇచ్చి, నెలల తరబడి నర్సులకు పక్కనుండి నేర్పిస్తే వారు చేయవలసిన పనులను చేయడం నిజంగానే పెరిగింది. అయినా తల్లీబిడ్డల మరణాలు, తల్లులకు కలిగే తీవ్ర ఉపద్రవాలు తగ్గలేదు. రక్తనిధి, ఆపరేషను చేసే డాక్టరు, పై ఆస్పత్రికి చేర్చే దారి లేనిచోట నర్సు ఎంత బాగా పనిచేసినా ఒక హద్దు ఉంటుందని చాలామంది దానిని అర్థం చేసుకున్నారు. 2017లో ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించిన పరిశోధకులను నేను గౌరవిస్తాను.

నిధుల విషయానికి వస్తే, ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. విద్యార్థుల కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979 నుంచి నడుపుతున్న స్వల్పకాలిక విద్యార్థి పరిశోధన పథకం సరిగ్గా రెండు నెలల పనికి ఉద్దేశించినదే. పరిశోధనలో పాల్గొనేవారికి అన్యాయం జరగకుండా చూసే కళాశాల నైతిక సంఘం అనుమతి కోసం ముందుగానే దరఖాస్తు చేసుకోండి. రిజిస్టర్లు మాత్రమే చూసినా ఆ అనుమతి తప్పనిసరి.

ప్రశ్న: నాది నిజామాబాద్. ఇంగ్లండులో ప్రజారోగ్యంలో ఎం.ఎస్‌సి. చేస్తున్నాను. వేసవిలో ఆసిఫాబాద్ ప్రాంతానికి వచ్చి, ఇంటి దగ్గరే కాన్పు అయిన ఆదివాసీ తల్లులను ఇంటర్వ్యూ చేసి థీసిస్ రాయాలని ఉంది. మా విశ్వవిద్యాలయం నైతిక అనుమతి ఇచ్చింది. అది చాలునా? ఇక్కడ కొన్ని సంస్థలు డబ్బు తీసుకుని విద్యార్థులను పేద దేశాల ఆస్పత్రులకు పంపి కాన్పులు కూడా చేయనిస్తామంటున్నాయి. వెళ్ళవచ్చునా?
– ఎన్. ఎస్., లీడ్స్

జవాబు: రెండవ ప్రశ్నకు జవాబు చిన్నది: వెళ్ళవద్దు. మీరు చదువుతున్న దేశంలో మీ చేత చేయించని పనిని మరొక దేశపు స్త్రీ మీద చేయడానికి ఆమె పేదరికం అనుమతి కాదు.

మొదటిదానికి వస్తే, ఆ అనుమతి చాలదు. మన దేశంలో గుర్తింపు పొందిన ఒక సంస్థ నైతిక సంఘం మీ ప్రణాళికను విడిగా పరిశీలించాలి. విదేశీ నిధులతో గానీ విదేశీ సంస్థ భాగస్వామ్యంతో గానీ జరిగే ఆరోగ్య పరిశోధనను ఐసీఎంఆర్ ద్వారా కేంద్ర ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ చూస్తుంది; మీ థీసిస్ దాని పరిధిలోకి వస్తుందో రాదో ఇక్కడి సంస్థను ముందుగానే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే అది ఒక వేసవిలో తెమిలే పని కాకపోవచ్చు. జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి అనుమతి, ఆదివాసీ గ్రామాలు కనుక సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అనుమతి కూడా కావాలి. ఇదంతా మీకు అడ్డంకిగా కనిపించవచ్చు. విమానంలో వచ్చి, సమాచారం పట్టుకుపోయి, తమ పేర్లతో వ్యాసాలు వేసుకున్న పరిశోధకులు గతంలో చాలామంది ఉన్నారు గనుకనే ఈ నియమాలు ఇంత గట్టిగా ఉన్నాయి. ఇక్కడి భాగస్వామి కేవలం పల్లెకు దారి చూపించేవారైతే సరిపోదు. ప్రశ్న తయారుచేసేటప్పటి నుంచి ఉండి, వ్యాసం మీద పేరు కూడా ఉండాలి.

మీరు తెలుగు మాట్లాడతారు నిజమే, కానీ ఆ ఊళ్ళలో చాలామంది తల్లుల మాట గోండీ లేదా కొలామీ. దుబాసీగా ఆశా కార్యకర్తను పెట్టుకోవడం సులువుగా కనిపిస్తుంది. అలా చేయవద్దు. తనకు టీకాలు గుర్తు చేసే, ఆస్పత్రికి తోడుగా వచ్చే మనిషి పక్కన ఉండగా ఏ తల్లీ ఆస్పత్రి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పదు. అత్తగారు, భర్త వింటుండగా కూడా అంతే. అడిగే తీరు మరీ ముఖ్యం. ‘మీరు ఆస్పత్రికి ఎందుకు వెళ్ళలేదు?’ అన్నారంటే ఆమెకు అది నేరం మోపినట్టు వినిపిస్తుంది, ‘టైము లేదమ్మా’ అని ఒక్క మాటతో ముగిస్తుంది. ‘నొప్పులు మొదలైన దగ్గర నుంచి ఏమేం జరిగిందో చెప్పండి’ అని అడిగి ఊరుకుంటే, ఫోన్‌కు సిగ్నల్ కోసం ఎవరు ఏ గుట్ట ఎక్కారో, 108 ఏ వాగు దగ్గర ఆగిందో, అక్కడి దాకా ఎవరు మోసుకెళ్ళారో, కిందటి కాన్పులో ఎవరు కసిరారో అన్నీ బయటికి వస్తాయి. థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో ప్రతిపాదించిన ‘మూడు జాప్యాల’ పద్ధతి – వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో జాప్యం, చేరడంలో జాప్యం, చేరాక వైద్యం అందడంలో జాప్యం – ఆ కథనాలను విడదీసి చూడడానికి ఇప్పటికీ బాగా ఉపయోగపడుతుంది.

అయితే విషయం ఎంపికను మరొకసారి ఆలోచించమంటాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రులలోనే జరుగుతున్నాయి. అదే సర్వేలో సిజేరియన్ల వాటా 60.7 శాతం, దేశ సగటు 21.5 శాతం మాత్రమే. అంటే రాష్ట్రంలో ఎక్కువమంది తల్లులకు ఇప్పుడు ఎదురవుతున్న సమస్య ఆస్పత్రి గడప దాటిన తరువాత మొదలవుతున్నది. మొదటి రెండు జాప్యాల మీద రాసినవారు చాలామంది. మూడవ దాని మీద, లోపల ఆ తల్లితో ఎలా మాట్లాడారు, తోడుగా ఎవరినైనా ఉండనిచ్చారా, కోత ఎందుకో ఆమెకు చెప్పారా అన్నవాటి మీద రాసినవారు తక్కువ. ఆసిఫాబాద్ తల్లులలో ఆస్పత్రికి వెళ్ళి వచ్చినవారిని కూడా కలిస్తే, మిగిలినవారు ఎందుకు వెళ్ళలేదో మీకు వారి మాటల్లోనే తెలియవచ్చు.

ప్రశ్న: నేను ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సును. ఏటా ఎవరో ఒకరు విద్యార్థులు వస్తారు, రాత్రి డ్యూటీ దిగిన మమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నపత్రాలు నింపించుకుంటారు, ఫోటోలు తీసుకుంటారు. తరువాత ఏమయిందో మాకు తెలియదు. మేము కాదనవచ్చునా?
– ఒక నర్సు, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా

జవాబు: నిస్సందేహంగా కాదనవచ్చు. సమ్మతి అన్నది రోగులకే పరిమితం కాదు, మీ నుంచి సమాచారం తీసుకుంటున్నప్పుడు మీరూ ఆ అధ్యయనంలో పాల్గొంటున్నవారే. మెడికల్ ఆఫీసరు సరే అన్నంత మాత్రాన మీరు ఒప్పుకున్నట్టు కాదు. వచ్చినవారిని నైతిక సంఘం అనుమతి పత్రం, తెలుగులో రాసిన సమాచార పత్రం చూపించమని అడగండి. మీ జవాబులు మీ పై అధికారులకు చేరతాయా అని అడగండి. తల్లుల ఫోటోలు, వారి మాతా శిశు సంరక్షణ కార్డుల ఫోటోలు సొంత ఫోన్లలో తీసుకోనివ్వకండి. పని పూర్తయ్యాక ఫలితాన్ని ఒక్క పేజీలో తెలుగులో రాసి, మీ నెలవారీ సమావేశంలో వచ్చి చదవాలన్న షరతు ముందే పెట్టండి. నిజాయితీ గల విద్యార్థి ఎవరూ దీనికి నొచ్చుకోరు, నొచ్చుకున్నవారిని పంపించివేసినా నష్టం లేదు.

మీ ఉత్తరం చదివాక నాకు కలిగిన బాధ ఇంకొకటి. పరిశోధన అంటే పైనుంచి ఎవరో వచ్చి మీ చేత నింపించుకునే కాగితమన్న అభిప్రాయం మీకు ఏర్పడిపోయింది. ఇదే పుటలో పైన రాసిన బెళగావి అధ్యయనాన్ని క్షేత్రంలో నడిపించింది మీవంటి పని చేసే 25 మంది ఏఎన్ఎంలు. బంగ్లాదేశ్‌లో డాక్టర్ సయేబా అఖ్తర్ రక్తస్రావం ఆగని తల్లుల కోసం మామూలు కండోమును రబ్బరు గొట్టానికి కట్టి, గర్భసంచిలో పెట్టి, సెలైనుతో నింపే పద్ధతిని రూపొందించినప్పుడు, ఖరీదైన బెలూను కొనలేని వార్డే ఆమెకు ప్రయోగశాల అయింది. మీ కాన్పుల గదిలోనూ మీకు మాత్రమే తెలిసిన ప్రశ్నలు ఉంటాయి: కరెంటు పోయినప్పుడు ఆక్సిటోసిన్ ఉన్న ఫ్రిజ్ ఎంతసేపటికి వేడెక్కుతున్నది, రిఫర్ చేసిన తల్లి పై ఆస్పత్రిలో ఎప్పుడు చేరిందో మీకు తిరిగి కబురు వస్తున్నదా, లేదా?

గీతల షీటు మీకు సరఫరా కాకపోయినా రక్తాన్ని కొలవడం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. కాన్పుకు వాడే గుడ్డలను, ప్యాడ్లను పొడిగా ఉన్నప్పుడు తూచి ఆ బరువును గోడ మీద రాసి ఉంచండి. ఉమ్మనీరు పోయి బిడ్డ పుట్టిన తరువాత కొత్త గుడ్డలు వేసి, తడిసినవాటిని తూచి, పొడి బరువు తీసివేయండి. ఒక గ్రాము దాదాపు ఒక మిల్లీలీటరు రక్తంతో సమానం. దీనికి వంటింట్లో వాడే డిజిటల్ కాటా చాలు. ఎవరికైనా రక్తం ఆగకుండా పోతుంటే మాత్రం తూకం సంగతి వదిలి ముందు వైద్యం చేయాలి, బరువు తరువాత చూసుకోవచ్చు. మెడికల్ ఆఫీసరుతో మాట్లాడి, రిజిస్టరులో కంటి అంచనా పక్కన తూకం కోసం మరొక గడి గీయండి. ఈ ఏడాది వచ్చే విద్యార్థులకు ఆ రెండు గడులనూ చూపించి, వాటి మధ్య తేడాను లెక్క కట్టే పనిని మీరే అప్పగించండి. వ్యాసం వస్తే మీ పేరూ ఉండాలని అప్పుడే చెప్పండి.